ప్లీడరు తాతగారి పటం వెనక

రాజమండ్రిలో మా పాత మండువా ఇంటిని పోయిన వేసవిలో అపార్ట్‌మెంటుకి ఇచ్చేశాం. సామాన్లు పంచుకునే రోజున ఇత్తడి బిందెలకీ, పందిరి మంచానికీ, చివరికి రుబ్బురోలుకి కూడా అడిగినవాళ్లు ఉన్నారు కానీ ఒక్క వస్తువు మాత్రం హాలు గోడ మీద అలాగే ఉండిపోయింది, ప్లీడరు తాతగారి పటం. మా ముత్తాత. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, టేకు చట్రం, దించడానికి ఇద్దరు కావాలి. పాత సామాన్లు కొనే ఆయన వచ్చి చట్రాన్ని వేళ్లతో తట్టి చూసి, ఏడు వేలు ఇస్తానన్నాడు. "అద్దం కూడా పాతకాలందేనమ్మా, మంచిది. లోపల బొమ్మ కావాలంటే మీరే తీసి ఉంచుకోండి, మాకక్కర్లేదు" అన్నాడు. మా బాబాయి నా వంక చూసి, ఇచ్చెయ్యమ్మా, అంత గోడ ఇప్పుడు ఎవరింట్లో ఉంది అన్నారు. ఆయన మాట అబద్ధమేమీ కాదు. కానీ ఆ "మాకక్కర్లేదు" అన్న మాట నా చెవుల్లోంచి పోలేదు, ఆ సాయంత్రమే ఆటో మాట్లాడి పటాన్ని మా ఫ్లాటుకి తెచ్చేసుకున్నాను.

హైదరాబాదులో గురువారాలు జుమ్మేరాత్ బజార్ అనే పాత సామాన్ల సంతలో తిరిగినవాళ్లు ఇలాంటి పటాలు చూసే ఉంటారు. తలపాగా పెట్టుకున్న పెద్దమనుషులు, కుర్చీ అంచున కూర్చున్న పెళ్లికూతుళ్లు, పాత గడియారాల పక్కన నేల మీద వరసగా. ఎవరో కొనుక్కెళ్లి భోజనశాల గోడకి పాతకాలం కళ కోసం తగిలిస్తారు. వాళ్లందరికీ ఒక ఊరూ ఇంటిపేరూ ఉండేవి, అవి ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టిన క్షణానే పోయాయి. ఎందుకంటే పటం వెనక ఎవరూ ఏమీ రాయలేదు, అందరికీ తెలుసు కదా అనుకున్నారు. ఆ తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయారు.

మా పటంలో తాతగారు నల్ల కోటు, జరీ అంచు తలపాగా, చెవులకి పోగులు, భుజం మీద ఉత్తరీయంతో కుర్చీలో కూర్చుని ఉంటారు, కుడి చెయ్యి ఓ లావుపాటి పుస్తకం మీద ఉంటుంది. వెనక స్టూడియో తెర, అందులో ఓ స్తంభమూ కాస్త ఆకాశమూ. ఇది నూనె రంగుల చిత్రమని మేమంతా అనుకునేవాళ్లం. కాదు. ఆ రోజుల్లో చిన్న ఫొటోని కాపీ తీసి బ్రోమైడ్ కాగితం మీద పెద్దది చేసి, దాని మీద చేత్తో రంగులు వేసేవాళ్లు. ముఖం ఫొటోది, రంగు మనిషిది. అందుకే తాతగారి కళ్లు నిజంగా మనల్ని చూస్తున్నట్టుంటాయి, ఉంగరం మాత్రం పసుపు చుక్కలా ఉంటుంది, ఒంటి రంగు మా వంశంలో ఎవరికీ లేనంత తెలుపు. ఎడమ భుజం మీద ఉత్తరీయం మడత మరీ మందంగా, కొండలా లేచి ఉంటుంది. అక్కడ పెయింటరు చెయ్యి తప్పిందని మా నాన్నమ్మ అనేది. ఆ మడత సంగతి మళ్లీ చెప్తాను.

తాతగారు రెండో గ్రేడు ప్లీడరు. ఈ మాట ఇప్పటివాళ్లకి తెలియదు. అప్పట్లో లాయర్లందరూ ఒకటి కాదు. బారిస్టర్లు, హైకోర్టు వకీళ్లు, మొదటి గ్రేడు ప్లీడర్లు, రెండో గ్రేడు ప్లీడర్లు, ఇలా మెట్లు ఉండేవి. డిగ్రీ లేకపోయినా పరీక్ష పాసై సన్నదు, అంటే ప్రాక్టీసుకి అనుమతి పత్రం, తెచ్చుకుంటే మున్సిఫు కోర్టుల్లాంటి కింది కోర్టుల్లో వాదించవచ్చు. ఆ మెట్లన్నీ పోయి అందరూ అడ్వొకేట్లయింది 1961 చట్టంతో. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో మొదలుపెట్టింది కూడా రెండో గ్రేడు ప్లీడరుగానే, పైకోర్టుకి వెళ్లాలంటే ఆ సన్నదు చాలదని ఇంగ్లండు వెళ్లి బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. మా తాతగారు ఇంగ్లండు వెళ్లలేదు. కోనసీమలో ఓ పల్లెటూరి నుంచి వచ్చి, 1899లో సన్నదు పుచ్చుకుని, 1938లో పోయేదాకా ప్రాక్టీసు చేశారు.

ఆ వృత్తి అంతగా ఎందుకు పండిందో గోదావరి జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాక డెల్టా భూమికి నీళ్లొచ్చాయి, నీళ్లతోపాటు ధరొచ్చింది, ధరతోపాటు దావాలొచ్చాయి. గట్టు తగాదాలు, బోదె నీళ్ల తగాదాలు, దత్తతలు, అన్నదమ్ముల వాటాలు, అన్నిటికంటే ఎక్కువగా ప్రామిసరీ నోట్లు. మూడేళ్లు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది, ఆ తర్వాత దావా చెల్లదు కాబట్టి గడువు దగ్గర పడే రోజుల్లో మా ఇంటి అరుగు మీద కూర్చోడానికి చోటుండేది కాదట. ఆయన జమాఖర్చుల పుస్తకం ఒకటి నా దగ్గరుంది, అక్షరాలు ఒకదానికొకటి కలిపేసి రాసే పాత గొలుసుకట్టు రాత. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రిటైరైన దస్తావేజు లేఖరి ఒకాయన కళ్లజోడు సర్దుకుని గడగడా చదివి వినిపించారు, ఫీజుగా పద్దెనిమిది రూపాయలు ముట్టినవి, రెండు బస్తాల ధాన్యం ముట్టినది, కొబ్బరికాయలు యాభై ముట్టినవి. నేను బల్ల అంచు పట్టుకుని వింటూ ఉండిపోయాను.

ఇక అసలు సంగతి.

మా ఇంట్లో తాతగారి గురించి ఒక కథ ఉంది. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటిదొకటి ఉంటుంది. ఆయన వీధి దీపాల కింద చదువుకున్నాడు, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, తన రెక్కల కష్టంతో ఇల్లు కట్టాడు, గాంధీగారు పిలిస్తే ప్రాక్టీసు వదిలేశాడు. దీన్ని నాన్నమ్మ నుంచి నాన్న, నాన్న నుంచి మేము నేర్చుకున్నాం, మా పిల్లలు స్కూల్లో చెప్పుకున్నారు.

ఇందులో చివరి ముక్క తేలిగ్గానే పడిపోయింది. 1921 ఆ చుట్టుపక్కల ప్రకాశంగారు, గుంటూరులో కొండా వెంకటప్పయ్యగారు, కాకినాడలో బులుసు సాంబమూర్తిగారు నిజంగానే కోర్టులు వదిలి ఉద్యమంలోకి వెళ్లారు. మా ట్రంకు పెట్టెలో 1924 నాటి వకాలత్నామా, అంటే కక్షిదారు తన తరఫున వాదించమని ప్లీడరుకి ఇచ్చే కాయితం, దాని మీద మా తాతగారి సంతకం ఉంది. అంతే. దానికి నేను పెద్దగా బాధపడలేదు. ఆ రోజుల్లో వదలనివాళ్లే ఎక్కువ, ఇంట్లో పదిమంది తినాలి.

నన్ను కుదిపేసింది ఇంకొకటి. పటం మా ఇంటికొచ్చాక కాకినాడలో మా మేనత్త దగ్గరికి వెళ్లి, మీ దగ్గర తాతగారి ఫొటోలేమైనా ఉన్నాయా అత్తయ్యా అని అడిగితే ఆవిడ పాత ఆల్బమ్‌లోంచి అరచేతంత ఫొటో ఒకటి తీసింది. అదే కుర్చీ, అదే తెర, అదే తలపాగా, అదే పుస్తకం. కానీ అందులో ఇద్దరున్నారు. తాతగారి వెనక, ఎడమ పక్కన, పంచె పైకి దోపుకుని, కోటు లేకుండా కండువాతో, పొడుగ్గా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి తాతగారి ఎడమ భుజం మీద ఉంది.

ఉత్తరీయం మడత అక్కడ అంత లావుగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. పెయింటరు చెయ్యి తప్పలేదు. ఆ వేళ్లని మడతలుగా మార్చాడు, మిగతా మనిషిని తెరలో కలిపేశాడు.

ఆయన ఎవరు అత్తయ్యా అంటే, పెద్ద తాతగారు, ప్లీడరు తాతగారి అన్నగారు, పల్లెలో ఉండిపోయారు అంది, అంతకంటే ఆవిడకీ తెలియదు. ఒక్కసారి ఆ ఫొటోని మన కళ్లతో చూడండి. మన ఇళ్లలో ఏ ఫొటోలోనైనా అన్న కూర్చుంటాడు, తమ్ముడు నిలబడతాడు. ఇక్కడ అన్న నిలబడి తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు. సన్నదు వచ్చిన సంతోషంలో తీయించిన ఫొటో అయ్యుంటుంది, ఆ పూటకి చదువుకున్న తమ్ముడే పెద్దవాడు అనుకుని ఉంటాడు ఆ మనిషి. నాకైతే ఆ నిలబడ్డ తీరులో గర్వమే కనిపిస్తుంది.

గుంపు ఫొటోలోంచి ఒక్కరినే తీసుకుని పెద్దది చేయించుకోవడం అప్పట్లో మామూలే, పక్కన ఎవరున్నా కుంచెతో కప్పేసేవాళ్లు. అందుకని ఇది కావాలని చేసిన పనే అని నేను అనను. కానీ ఆ తర్వాత నలభై ఏళ్ల మా కుటుంబ చరిత్ర ఆ పెయింటరు చేసిన పనినే చేసుకుంటూ పోయింది, అది మాత్రం కావాలనే జరిగింది.

సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు అడిగితే దొరుకుతాయి. వంద రూపాయలు, ఆ పైన విలువైన స్థిరాస్తి అమ్మకాలు అప్పుడు కూడా రిజిస్టరు కావాల్సిందే, కాబట్టి మీ తాతముత్తాతల గురించి మీ ఇంట్లోవాళ్లు చెప్పనిది అక్కడ రాసి ఉంటుంది. ఊరి పేరు పట్టుకుని, ఓపిగ్గా వెతికించి, రెండు కాయితాలు తెచ్చుకున్నాను. 1894లో అన్నగారు మూడెకరాల మాగాణి తనఖా పెట్టారు. నాలుగేళ్ల తర్వాత అదే మూడెకరాలు అమ్మేశారు. మొదటి కాయితంలో, గొలుసుకట్టులో, అప్పు ఎందుకో కూడా ఉంది, "మా తమ్ముని విద్యాభ్యాసము నిమిత్తము". లేఖరిగారు ఆ ముక్క చదివి ఆగారు. ఇంకోసారి చదవండి అన్నాను.

వీధి దీపాల కింద చదువు, ఎవరి దగ్గరా చెయ్యి చాచకపోవడం, ఇదీ ఆ కథ వెనక ఉన్నది.

ఇంతటితో అయిపోతే నేను ఇంత రాసేదాన్ని కాదు. చదివించినవాళ్లని మర్చిపోవడం లోకంలో ఉన్నదే. మా పెట్టెలో ఇంకో కాయితం ఉంది, తాతగారి సొంత చేతి రాత, 1931 నాటిది, ఒక నోటీసుకి జవాబు చిత్తుప్రతి. ఆ జవాబు అర్థం కావాలంటే కాస్త చట్టం చెప్పాలి, ఓపిక పట్టండి. పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఉమ్మడి ఆస్తి ఖర్చుతో ప్రత్యేకమైన చదువు చదివినవాడి సంపాదన ఉమ్మడి కుటుంబానిదే. అన్నదమ్ములందరికీ అందులో వాటా ఉంది. 1921లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకి లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు, ఒక ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు) అధికారి కేసులో కూడా అదే చెప్పింది, కుటుంబం డబ్బుతో చదివి తెచ్చుకున్న ఉద్యోగం కాబట్టి ఆ సంపాదన ఉమ్మడిదే అని. దాంతో దేశంలో చదువుకున్నవాళ్లందరికీ, ముఖ్యంగా లాయర్లకి, టెన్షన్ పట్టుకుంది. 1930లో కొత్త చట్టం వచ్చింది, హిందూ గెయిన్స్ ఆఫ్ లెర్నింగ్ చట్టం. ఎవరి డబ్బుతో చదివినా సరే, ఆ ఒక్క కారణంతో చదువు మీద వచ్చిన సంపాదన ఉమ్మడి ఆస్తి అయిపోదు, అది సంపాదించినవాడి సొంతం. చట్టానికి ముందు సంపాదించినదైనా సరే.

అన్నగారి కొడుకులు 1931లో నోటీసు ఇప్పించారు, రాజమండ్రి ఇంట్లోనూ పొలాల్లోనూ మాకూ భాగముందని. తాతగారి జవాబు పద్ధతిగా, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉంది. 1930 చట్టం ఉదహరించారు, మీకు ఏ హక్కూ లేదన్నారు. చట్టం ప్రకారం చూస్తే ఆయన గెలిచే కేసే. దావా పడినట్టు మా దగ్గర ఏ కాయితమూ లేదు. ఆ జవాబులో నాకు ఇప్పటికీ గొంతు దిగని వాక్యం చట్టం గురించి ఉన్నది కాదు. తన చదువుకి ఉమ్మడి సొమ్ము ఒక్క దమ్మిడీ ఖర్చు కాలేదని రాశారు. ఆ మాట ఆయనకి అవసరమే లేదు! కొత్త చట్టం ప్రకారం ఖర్చయినా కేసు ఆయనదే. గెలుపు చేతిలో ఉండగా కూడా అన్న తనకి ఏమీ చెయ్యలేదని కాయితం మీద పెట్టారు. మా ఇంటి కథ అక్కడే పుట్టిందని నా నమ్మకం. ఒక నోటీసు జవాబులో రాసిన వాక్యం నాన్నమ్మ నోట్లో వీధి దీపమైంది.

కోర్టులో ఎదుటి పక్షం రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే వచ్చినవాళ్ల మాట మీదే తీర్పు, ఇస్తారని అందరికీ తెలుసు. మన ఇళ్లలో చెప్పుకునే వంశచరిత్రలు చాలావరకు ఎక్స్‌పార్టీ డిక్రీలే. పటం ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ల వాదనే మిగులుతుంది, పటం తీయించుకునే స్తోమత లేనివాళ్లు, ఊరు వదలనివాళ్లు, ఇంగ్లీషు రానివాళ్లు హాజరు కాలేదని రాసేస్తాం. అసలు వాళ్లకి సమను పంపిందెవరు? ఆడవాళ్ల సంగతి మరీను. మా తాతమ్మ ఫొటో ఒక్కటీ లేదు, ఆవిడ పేరు కూడా నేను తద్దినం మంత్రంలో విని తెలుసుకున్నాను. ఈ ఇంటి వాటాల్లో నా పేరు ఉందంటే 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా హక్కు ఇచ్చిన చట్టం వల్ల. ఒక చట్టం మా ముత్తాత చేత అన్నని లెక్కలోంచి తీయించింది, ఇంకో చట్టం నన్ను లెక్కలోకి తెచ్చింది, ఈ రెంటికీ మధ్య అరవై ఏళ్లు కూడా లేవు. ఇది తెలిశాక కుటుంబం అనే మాటని నేను అంత ధీమాగా వాడలేకపోతున్నాను.

ఇదంతా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే గొడవైంది. పోయినవాళ్ల తప్పులు ఇప్పుడు తవ్వి ఏం లాభం అన్నారు. బాబాయి అయితే, ఆయన లేకపోతే నువ్వు ఆ ఫోనులో తెలుగు టైపు చేసేదానివా అన్నారు. నిజమే, ఆయన చదువు మీదే మేమంతా నిలబడ్డాం. నేను ఆయన్ని గోడ మీంచి దించమనడం లేదు, దించడానికి ఒప్పుకోనందుకే కదా ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన దుర్మార్గుడని కూడా నేను అనుకోవడం లేదు. ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు, మేడ మీద అప్పు, వయసు యాభై దాటింది, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆయన వృత్తి ఏమిటి? కాయితం ఎక్కడ, సాక్షి ఎవరు అని జీవితమంతా ఎదుటివాణ్ణి అడగడం. ఆయన్ని కూడా అదే ప్రశ్న అడిగితే అగౌరవం ఎలా అవుతుంది? కాయితం ఉంది, రిజిస్టరైన కాయితం. ప్రకాశంగారిని చూడండి, ఒంగోల్లో తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్లు పెట్టి పెంచిన సంగతీ, ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు వెంట తీసుకెళ్లి చదివించిన సంగతీ ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. ముఖ్యమంత్రి అయిన మనిషికి దానివల్ల తగ్గిందేమీ లేదు.

మీ ఇంట్లో ఇలాంటి పటం ఉంటే నాకు తెలిసిన రెండు మూడు ముక్కలు చెప్తాను. తడిగుడ్డతో తుడవకండి, రంగు లేచిపోతుంది. ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగకండి, అలాగే వదిలేయండి. వానాకాలం చెమ్మ పట్టే గోడకి తగిలించకండి, వెనక చెక్కకి చెదలు పట్టిందేమో ఏడాదికోసారి చూడండి. పెద్ద పటం ఉంటే దానికి మూలమైన చిన్న ఫొటో ఏ మేనత్త దగ్గరో ఉండొచ్చు, అది అడగండి. పటం వెనక పేర్లు రాయండి, పెన్సిలుతోనే, సిరా కాలం గడిస్తే ఊరుతుంది. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, పక్కన ఎవరుండాలి.

నేను మా పటం వెనక రాశాను. తాతగారి పేరు, తాతమ్మ పేరు, అన్నగారి పేరు, సన్నదు వచ్చిన ఏడు. ఎడమ భుజం మీద మడత నిజానికి అన్నగారి చెయ్యి అని. మూడెకరాలు, తనఖా తేదీ, అమ్మకం తేదీ. తర్వాత ఆ చిన్న ఫొటోని స్కాన్ చేయించి పెద్దది చేయించి, ఇద్దరినీ ఉంచి, పటం కట్టించి, కోనసీమ బయల్దేరాను.

అన్నగారి మనవడికి డెబ్బై ఎనిమిదేళ్లు, నాకు వరసకు పెదనాన్న. నేనెవరో చెప్పగానే లోపలికి రమ్మన్నారు కానీ కాసేపు మాట్లాడలేదు. మా ఇంటివాళ్లెవరూ ఆ గుమ్మం ఎక్కి తొంభై ఏళ్లు దాటింది. పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన పటం ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, "నించున్నాయనేనా" అన్నారు. అవునన్నాను. "మా నాన్న చెవులు" అన్నారు. వాళ్ల ఇంట్లో ఆయన గుర్తుగా ఉన్నది ఒక ఇత్తడి కుంచం, అంచు మీద పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి, అది తెప్పించి నా చేతికిచ్చారు. బరువుగా ఉంది. పటం ఎక్కడ తగిలిస్తారు పెదనాన్నా అంటే, ఇప్పుడు గోడ చెమ్మగా ఉందమ్మా, సంక్రాంతికి సున్నం వేయించి అప్పుడు అన్నారు, అందాకా బీరువాలో పెట్టించారు.

వెళ్లే ముందు నేను పటం వెనక రాసినదంతా ఫోనులో ఫొటో చూపించి చదివి వినిపించాను, ఏమైనా తప్పుంటే చెప్పండి అని. ఓపిగ్గా అంతా విన్నారు.

"మూడు కాదమ్మా, నాలుగున్నర" అన్నారు. "మూడు కాయితం మీద. ఎకరంన్నర నోటిమాట మీద ఇచ్చేశాడు, అది రిజిస్టరు కాలేదు. కాలవ పక్క చెక్క. మా నాన్న అటువైపు వెళ్లినప్పుడల్లా చూపించేవాడు."

ఆ చెక్క చూపించమంటే చేతికర్ర తీసుకుని కాలవ గట్టు దాకా వచ్చి చూపించారు. ఇప్పుడు అందులో కొబ్బరి తోట ఉంది. ఇంటికొచ్చి, నేను రాసిన మూడెకరాల కిందే అదీ పెన్సిలుతో రాశాను, చెప్పింది పెదనాన్న అని ఆయన పేరు పెట్టి, తేదీ వేసి.